కొడుకు మాత్రలు కోడలు మింగిన సంగతి

నేను ఇంతకు ముందు ఇది రాయలేకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. మాది తమిళనాడు గుడియాత్తంలో కట్టడం పని చేసేవాళ్ళ వీధి. ఇళ్ళలో తెలుగు, బడిలో తమిళం. నేను ఆ బడికీ పోలేదు. తల మీద సిమెంటు సట్టి నిలిచే వయసు రాగానే మా అమ్మ వెనకే పరంజా ఎక్కాను. మేస్త్రికి ఇటుక, ఇసక, కలిపిన సిమెంటు అందించే ఆడమనిషిని మా వైపు సిత్తాలు అంటారు. మోకాళ్ళు అరిగేదాకా నేను సిత్తాలుగానే ఉన్నాను. ఇక ఇంట్లో కూర్చున్నాక కోడలు నాకు తెలుగు రాయడం నేర్పింది. ఆమెది చిత్తూరు దగ్గర పల్లె, పదో తరగతి దాకా చదివింది. పలక కొనలేదు. వాకిట్లో గచ్చు మీద ఇటుక ముక్కతో ఆమె రాసేది, నేను దాని మీదే దిద్దేదాన్ని. సాయంత్రం నీళ్ళు చల్లితే పాఠం పోయేది.

రెండో కారణం, ఇది నా సంగతి కాదు. నా కొడుకుది, కోడలిది. రాయనా అని కోడలిని అడిగితే బియ్యంలో రాళ్ళు ఏరడం ఆపి చాట పక్కన పెట్టింది. తర్వాత, "రాయత్తా. పేర్లు మాత్రం వద్దు. ఒకరికైనా పనికొస్తాది" అంది. కొడుకుని అడిగితే, "నీకు అక్షరాలు నేర్పిందే తప్పమ్మా" అన్నాడు. వద్దని మాత్రం అనలేదు.

నేను పని చేసిన రోజుల్లో మా వాళ్ళు జంటలుగా పోయేవాళ్ళు. మొగుడు మేస్త్రి, పెళ్ళాం సిత్తాలు. ఎంత దూరమైనా ఇద్దరూ పోవాలి, లేకుంటే పని నడవదు. ఇప్పుడు హోసూరు పక్క పెద్ద అపార్టుమెంట్ల దగ్గర సిమెంటు కలిపి బండిలోనే వస్తుంది, పైకి గొట్టంలో పోతుంది. ఆడవాళ్ళను తీసుకోరు. మగవాళ్ళు రేకుల షెడ్లలో నెలలు నెలలు ఉండి వస్తారు. నా కొడుకు పెళ్ళయిన కొన్నాళ్ళకే అట్లా పోయాడు. కోడలు ఊళ్ళోనే చిన్న పనులకు సిత్తాలుగా పోయేది.

ఒక వేసవిలో ఆమెకు తెల్లబట్ట ఎక్కువైంది. మూత్రానికి పోతే మంట, పొత్తికడుపులో లాగినట్టు నొప్పి. నెలసరి కాని రోజుల్లో కూడా బట్టకు కొంచెం ఎర్రగా అంటేది. మా పనిలో ఇది ఏ ఆడదానికి వచ్చినా సూడు అంటాం. ఒళ్ళు వేడి చేసిందని. పొద్దంతా కాలిన శ్లాబు మీద నిలబడతాం, చెయ్యి పెడితే సిమెంటే వేడిగా ఉంటుంది, నీళ్ళు తక్కువ తాగుతాం ఎందుకంటే పోవడానికి మరుగు ఉండదు. సూడు కాక ఇంకేం అవుతుంది? నానిన సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, టెంకాయ నీళ్ళు, బొడ్డులో ఆముదం. నేను అన్నీ చేయించాను. నాకు మా అత్త చేయించింది కూడా అవే.

పొద్దున పనికి మనుషులను పిలుచుకుపోయే మూల దగ్గర నాతో కూడా పని చేసిన ఒక ముసలామె ఉండేది. కోడలి చేతిలో బార్లీ నీళ్ళ సీసా చూసి, "ఇది సూడు కాదమ్మే, మొగుడు హోసూరులో ఉండే కోపం. వాడొస్తే అదే దిగిపోతాది" అంది. అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వింది. వాడు వచ్చి పోయాక మంట ఇంకా పెరిగింది.

అప్పుడు వేలూరు బస్సెక్కి, అక్కడ నుంచి ఆటోలో బాగాయం పోయాం. అక్కడ ఒక వీధిలో చిన్న ఆస్పత్రి ఉంది. అక్కడ కూర్చునే డాక్టరమ్మకు తెలుగు రాదు. కోడలికి అప్పటికి తమిళం అంతంత మాత్రం. అందుకని పనిచోట్ల తమిళం నేర్చుకున్న నేను ఒకరి మాట ఇంకొకరికి చెప్పడానికి మధ్యలో కూర్చున్నాను. నేను రాయలేకపోయిన మూడో కారణం అక్కడే తెలిసింది. డాక్టరమ్మ అడిగే వాటికి నా దగ్గర తెలుగు లేదు. ఆడదాని ఒంటికి, మగవాడి ఒంటికి, ఇద్దరూ కలిసేదానికి నాకు తెలిసిన మాటలన్నీ తిట్లలో ఉన్నవే. పంపు దగ్గర కొట్లాటలో అయితే బాగా వస్తాయి. కోడలి ముందు కూర్చుని నెమ్మదిగా చెప్పడానికి రావు. "ఆయమ్మ అడగతా ఉండాది... మీ ఇద్దరికీ... వాడొచ్చినప్పుడు..." అని ఆగిపోయాను. కోడలు తల వంచుకునే, "తెలిసింది అత్తా, అవును అని చెప్పు" అంది.

పరీక్ష చేసి, ఫలితం వచ్చాక మళ్ళీ పిలిచారు. డాక్టరమ్మ, "ఇది వేడి కాదు. కంటికి కనపడని క్రిమి. దీన్ని క్లమీడియా అంటారు. చాలామందిలో ఉంటుంది, సగం మందికి పైగా ఉన్నట్టే తెలియదు" అని చెప్పింది. ఒకరి నుంచి ఒకరికి కలయికలోనే పోతుందట. పనిచోట అందరూ పోయే పాయిఖానా నుంచా అని అడిగాను. కాదంది. ఒకరి బట్ట ఇంకొకరు కట్టుకుంటేనా అన్నాను. అదీ కాదంది. ఇక నేను అడగడానికి ఏమీ మిగల్లేదు. కోడలు నా ముఖం చూసింది. డాక్టరమ్మ కూడా చూసింది. "ఎప్పుడు వచ్చిందో, ఎవరి వల్ల వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేడు. నెలలు, ఇంకా ఎక్కువ కాలం కూడా చప్పుడు లేకుండా ఉంటుంది. ఎవరిని తిట్టాలో వెతకద్దు. మందు ఉంది, పూర్తిగా పోతుంది. వదిలేస్తే లోపల గర్భసంచికి పోయే దారి మచ్చ కట్టి మూసుకుపోవచ్చు. తర్వాత బిడ్డలు కావడం కష్టం. గర్భం ఆ దారిలోనే నిలిస్తే ప్రాణానికే ముప్పు" అంది.

బిడ్డ మాట దగ్గర కోడలు తల ఎత్తింది. అది నేను తెలుగులో చెప్పక ముందే.

మాత్రలు వారం రోజులు, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి. ఏదైనా తిన్నాక, నిండా నీళ్ళతో. మింగి వెంటనే పడుకోకూడదు. ఎండ తగలకుండా చూసుకోవాలి, ఈ మాత్రకు తోలు త్వరగా కాలుతుంది. ఆమె ఇంటాయన వచ్చి చూపించుకోవాలి, ఆయనా మింగాలి. ఇద్దరిదీ పూర్తయ్యేదాకా కలవకూడదు. ఆయన హోసూరులో ఉన్నాడంటే, డాక్టరమ్మ ఆలోచించి రెండో పొట్లం కూడా ఇచ్చింది. "ఈ ఒక్కసారికి. ఆయన మింగకుంటే నువ్వు మింగిందంతా దండగ" అంది. ఒక్కసారి వచ్చి తగ్గితే మళ్ళీ రాదని లేదట, ఎన్నిసార్లయినా వస్తుందట. దూరంగా ఉండే మగవాడు నిరోధ్ వాడాలని కూడా చెప్పింది. అది మాత్రం నేను చెప్పనవసరం లేకపోయింది. ఆ మాట అన్ని భాషల్లోనూ ఒకటే.

కోడలు తన వారం పూర్తి చేసింది. గంగమ్మ సిరసుకి, అంటే అమ్మవారి తల ఊరేగించే మా ఊరి జాతరకి, పనుల మీద పోయిన మగవాళ్ళంతా ఊరికి వస్తారు. నా కొడుకూ వచ్చాడు. కోడలు పొట్లం వాడి చేతిలో పెట్టి చెప్పింది. నేను పక్క గదిలో ఉన్నాను.

"నాకేమైంది? నొప్పా, మంటా?"

"లేకున్నా మింగాలంట."

"రోగం ఉండేవాళ్ళు మందు మింగాల. బాగుండేవాడు మింగితే రోగమొస్తాది" అని వాడు పొట్లం అటక మీద పెట్టి ఊరేగింపు చూడడానికి పోయాడు. రెండు రోజులుండి హోసూరు పోయాడు.

వాడు పోయాక కోడలు అన్నం సరిగా తినలేదు. కడుపులో తిప్పుతుందనేది. పనికి పోయి వచ్చేసరికి ముఖమూ ముంజేతులూ కాలినట్టు ఎర్రబడి, తర్వాత తోలు లేచింది. ఎండ ఎక్కువుందిలే అనుకున్నాం. మంట తగ్గినట్టే ఉండింది. మధ్యలో వాడు ఒక రాత్రికి వచ్చి పోయాడు, ఇంకొన్ని వారాలకు మంట మళ్ళీ వచ్చింది.

మళ్ళీ బాగాయం. డాక్టరమ్మ, "ఇంటాయన మింగాడా?" అంది.

"మింగినాడు" అంది కోడలు, నేల చూస్తూ. ఆ మాట తమిళంలోనే చెప్పింది.

డాక్టరమ్మ ఆమె ముంజేయి పట్టుకుని తిప్పి కాలిన మచ్చలు చూసింది. "నీకు ఇచ్చింది వారానికి. మరి ఇంత ఎక్కువగా ఎట్లా కాలింది?"

కోడలు నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది. వాడి పొట్లం కూడా ఆమే మింగింది. వాడు మింగడని తెలుసు. పాలు తాగే బిడ్డకు జ్వరమొస్తే మా ఇళ్ళలో మందు తల్లికే పోస్తారు, పథ్యం తల్లే ఉంటుంది, బిడ్డ కుదుటపడుతుంది. మొగుడి ఆయుష్షుకు పెళ్ళాం ఒక పొద్దు ఉంటుంది. అట్లాగే ఇది కూడా తన ఒంట్లో పడితే వాడికి చేరుతుందనుకుంది. చెప్తూ ఉంటే ఆమె గొంతులో ఏ తేడా లేదు. లెక్క సరిగానే వేశాను కదా అన్నట్టు చెప్పింది. నాకు కూడా వింటుంటే తప్పు ఎక్కడుందో వెంటనే తోచలేదు.

నేను తమిళంలో చెప్పాను. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "పాలు తాగే బిడ్డకు తల్లి నుంచి ఏదో కొంచెం పోతుందనుకో. నీ మొగుడు నీ దగ్గర పాలు తాగడం లేదు కదమ్మా" అంది.

నేను దాన్ని తెలుగులో చెప్పబోయి మధ్యలో నవ్వేశాను. కోడలికి అర్థమైపోయింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె కూడా నవ్వింది. బాగాయం తిరగడం మొదలయ్యాక ఆమె నవ్వడం అక్కడే చూశాను.

డాక్టరమ్మ నవ్వలేదు. కోడలికి మళ్ళీ మందు ఇచ్చింది, పనికి పోవద్దంది. వాడి పొట్లం ఇవ్వలేదు. "ఈసారి మనిషి రావాలి. ఇంకొన్నిసార్లు ఇట్లా తిరగబెడితే, బిడ్డ కావాలని నా దగ్గరికి వచ్చినా నేను చేసేది ఏమీ ఉండదు."

బస్సులో కోడలు కిటికీ వైపు కూర్చుంది. "అత్తా, ఆయన మింగకపోతే నేను మా ఊరికి పోతా" అంది. కోపంగా కాదు. బస్సు దిగితే కూరగాయలు కొనాలి అన్నట్టు చెప్పింది. నేను సరే అన్నాను. వేరే ఏం అనడానికి నాకు న్యాయం కనపడలేదు.

అమావాస్య రోజు మా వాళ్ళు తాపీ పట్టరు. అందుకని అమావాస్య ముందు రోజు సాయంత్రానికి కొడుకు ఇంటికి వచ్చాడు. అప్పటికి కోడలి మందు పూర్తయింది. వాడు మెట్టు మీద కూర్చుని కొబ్బరి నూనె రాసుకుని గోళ్ళ సందుల్లో సిమెంటు తీసుకుంటున్నాడు. కోడలు లోపల రసం పెడుతోంది. నేను పోయి పక్కన కూర్చున్నాను.

"నాయనా, ఒక గోడ సంగతి అడగాల."

"ఎవరి గోడ?"

"రెండిండ్లకీ నడిమి గోడ. అటుపక్క నుంచి నీళ్ళు ఊరతా ఉండాది. ఇటుపక్కోళ్ళు పూతంతా చెక్కేసి, మందు కలిపి మళ్ళీ పూసినారు. నిలుస్తాదా?"

"యాడ నిలుస్తాది? మూణ్ణెల్లకి బుడగలొచ్చి రాలిపోతాది. అటుపక్క పైపు చూడాల ముందు."

"అటుపక్కోడు మా ఇంట్లో చెమ్మే లేదంటాడు. టైల్స్ వేసినాం, బాగుండాది అంటాడు."

"టైల్స్ వెనక ఏముండాదో వాడికేం..." అని ఆగాడు. నూనె చేతిని లుంగీకి తుడుచుకున్నాడు. "నువ్వు గోడ గురించి అడగలేదమ్మా."

"లేదు."

నూనె సీసాకు మూత బిగించాడు. "అయితే నేను యాడో తిరిగినానంటావు."

"నేను అనలా. ఎప్పుడొచ్చిందో డాక్టరమ్మకే తెలీదంట. నువ్వు తిరిగేదాని గురించి అడిగేదానికి రాలా. మింగేదాని గురించి వచ్చినా."

"ఆ మాత్రలు అటక మీద లేవే. ఎవరో పారేసినారు అనుకున్నా."

"నీ పెళ్ళాం మింగింది."

"ఎందుకు?"

"నువ్వు మింగవని. తన ఒంట్లో పడితే నీకు చేరతాదని. ఎండలో ముఖం కాలి తోలు లేచింది. చూసినావా ఆ ముఖం?"

లోపల గరిటె చప్పుడు ఆగింది. వాడు తల తిప్పి వాకిలి వైపు చూశాడు. ఆమె బయటికి రాలేదు. వాడు మళ్ళీ గోళ్ళు చూసుకున్నాడు, వాటిలో సిమెంటు ఏమీ మిగల్లేదు.

"ఇంకొక తూరి తిరగబెడితే గర్భసంచికి పోయే దారి మూసుకుపోతాదంట. అంతకు ముందే ఆ పిల్ల వాళ్ళ ఊరికి పోతాది. నేను ఆపను" అన్నాను.

వాడు లుంగీ సర్దుకుని, "బాగాయానికి నేను రానమ్మా" అన్నాడు. "ఆ వీధిలో సగం ఇండ్లు మేం కట్టినవే. ఆ ఆస్పత్రి ముందర టీ కొట్టోడు మా జట్టులో పని చేసినోడు. నేను లోపలికి పోయి బయటికి వచ్చేలోగా హోసూరుకి ఫోను పోతాది."

ఇన్నాళ్ళు వాడు మింగకపోవడానికి కారణం మొండితనం అనుకున్నాను. సగం ఇదే, నలుగురికీ తెలిసిపోతుందన్న భయం.

"తిరుపత్తూరులో పెద్దాస్పత్రి ఉండాది. అక్కడ మనం ఒక ఇటుక కూడా పెట్టలా. ఎవురికీ తెలీదు. నేను కూడా వస్తా, ఎవరన్నా అడిగితే నా మోకాళ్ళకి చూపించుకునేదానికి అని చెప్పు."

"ఎప్పుడు?"

"రేపే. పని లేదు కదా."

"అమావాస్య పూట ఎవరైనా మందు మొదలుపెడతారా?"

"తమిళోళ్ళకి అమావాస్య మంచి రోజే. ఈ ఒక్క పనికి మనం తమిళోళ్ళం అవుదాం."

వాడు నవ్వు ఆపుకోవాలని చూశాడు. ఆ రాత్రి కోడలు నా పక్కనే పడుకుంది. వాడు ఏమీ అడగకుండా చాప తీసుకుని మిద్దె పైకి పోయాడు.

మరుసటి రోజు పొద్దున మొదటి బస్సుకే బయలుదేరాం. వాడు ఒక సీటులో, నేను ముందర ఆడవాళ్ళ సీటులో. తిరుపత్తూరు ఆస్పత్రిలో చీటీ వరసలో నేనే నిలబడ్డాను. ఎవరికి అని అడిగితే నా కొడుక్కి అన్నాను, ఏమిటని అడిగితే మూత్రం మంట అన్నాను. వాడికి మంట లేదు, కానీ ఈ రోగాలు చూసే గది నంబరు అట్లా చెబితేనే ఇస్తారని కోడలు చెప్పి పంపింది. గది తలుపు దగ్గర వాడు నన్ను బయటే ఉండమన్నాడు. తలుపు పూర్తిగా పడలేదు. లోపల కుర్ర డాక్టరు ఏదేదో అడిగాడు, వాడు అవును కాదు అని చెప్పాడు. మూత్రం పరీక్షకు, రక్తం పరీక్షకు రాశాడు, మాత్రలు ఈరోజే మొదలుపెట్టమన్నాడు. నా కొడుకు లేవలేదు.

"సార్, ఇంకొకరికి కూడా కావాల" అన్నాడు, తమిళంలో. "హోసూరులో."

"వాళ్ళకు నేను ఇక్కడ నుంచి ఇవ్వకూడదు. హోసూరు ఆస్పత్రిలో కూడా ఇట్లాంటి గది ఉంది. ఫోను చేసి పొమ్మని చెప్పు. చెబుతావా?"

"చెప్తా సార్."

నేను తలుపు దగ్గర నుంచి లేచి కుళాయి దగ్గరికి పోయాను. సీసా కడిగి నింపుకున్నాను. అది నిండాక కూడా కొంచెంసేపు అక్కడే ఉన్నాను. తిరిగి వచ్చేసరికి వాడు మాత్రల పొట్లం ఒక చేతిలో పట్టుకుని, ఆస్పత్రిలో ఊరికే ఇచ్చే నిరోధ్ పొట్లాలు చొక్కా జేబులో తోసుకుంటున్నాడు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

గేటు బయట బండి దగ్గర వాడికి ఇడ్లీ పెట్టించాను. ఉత్త కడుపు మీద వేసుకోకూడదు. తిన్నాక పొట్లం చింపి ఒక మాత్ర వాడి అరచేతిలో వేశాను. వాడు నన్ను చూడకుండా మింగి, రెండు గుక్కలు తాగి సీసా ఇచ్చాడు. నేను తీసుకోలేదు. మొత్తం తాగమన్నాను. తాగాడు. తర్వాత నా భుజం మీది తువ్వాలు తీసి వాడి తల మీద వేశాను, ఎండ తగలకుండా. మా బస్సు వచ్చేదాకా అట్లాగే నిలబడ్డాం.